తల్లివైపు వంశవృక్షము

ఇరువది యేండ్లుగా నేను పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుచున్నాను. ఇన్నాళ్ళును నాకు కొరుకుడుపడని మాటలు రెండు కలవు. ఒకటి ‘అంకుల్’, రెండవది ‘నెఫ్యూ’. మేనమామయు అంకులే, పినతండ్రియు అంకులే, పెదతండ్రియు అంకులే. అన్నకొడుకును నెఫ్యూయే, అక్కకొడుకును నెఫ్యూయే. నిరుడు తొమ్మిదవ తరగతిలో నేనొక కథ చెప్పుచుండగా ఒక బాలిక లేచి, “మాస్టారూ, ఈ కథలో అంకుల్ అంటే మేనమామా, బాబాయా?” అని యడిగెను. పుస్తకమును ముందుకును వెనుకకును త్రిప్పి చూచితిని. ఎక్కడను చెప్పియుండలేదు. “ఇంగ్లీషువారికి ఆ భేదము అక్కరలేదమ్మా” అని చెప్పి పాఠము సాగించితిని. ఆ భేదమే సర్వస్వమైన జనుల చరిత్రను ఆ భేదము అక్కరలేనివారు వ్రాసినచో నేమగునో నేనానాడు ఆలోచింపలేదు.

ఆ దినములలోనే మా యింట నొక పని నా తలమీద పడినది. మా నాయనగారు తమ చేతివ్రాతతో ఒక లెక్కల పుస్తకములో మా వంశవృక్షమును వ్రాసి యుంచిరి. దానిని శుభ్రముగా వ్రాసి యిచ్చినచో అచ్చు వేయించి చుట్టములందరికి పంచిపెట్టెదమని మా పెదతండ్రిగారి కుమారులు నాతో చెప్పిరి. సంస్కృతము వచ్చినవాడను, ఉపాధ్యాయుడను. కాబట్టి ఇటువంటి పనులు నాకే వచ్చును. అందు తొమ్మిది తరముల పురుషుల పేర్లున్నవి. భార్యల చోట ‘ఫలానావారి పిల్ల’ అని యున్నది. ఆడపిల్లల చోట ‘కుమార్తెలు ఇద్దరు’, ‘కుమార్తెలు నలుగురు’ అని సంఖ్య మాత్రమే కలదు. మా రాష్ట్రమున 1985 నుండియే కుమార్తెకు పిత్రార్జితమున కుమారునితో సమముగా భాగము గలదు. మా లెక్కల పుస్తకమునకు మాత్రము ఆ సంగతి యింకను చేరలేదు.

పూర్వము నాయొద్ద చదువుకొన్నవాడొకడు ఇప్పుడు అమెరికాలో టెన్నెసీ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ రాష్ట్రమునకు ఆ పేరు తనాసి యను చెరోకీ గ్రామమునుండి వచ్చినది. సెలవులకు వచ్చినప్పుడు వాడు హెన్రీ టింబర్లేకు అను సైనికోద్యోగి 1765 లో లండనులో ప్రకటించిన స్వానుభవ గ్రంథమును నాకు తెచ్చి యిచ్చెను. అది మొదలు చెరోకీ నాయకులను గూర్చి దొరికినదెల్ల చదివితిని. వంశవృక్షము బల్లమీద అట్లే పడియుండెను. మా యింటిలోనివారు రెండుమార్లు అడిగి ఊరకుండిరి.

పదునెనిమిదవ శతాబ్దమున చెరోకీలు ఇప్పటి టెన్నెసీ, కరొలైనా, జార్జియా రాష్ట్రములకు చెందిన కొండలలోను లోయలలోను సుమారు అరువది గ్రామములలో నివసించుచుండిరి. వారందరికి ఒక రాజు లేడు. ప్రతి గ్రామమునకును తన సభాగృహము, తన నాయకులు ఉండిరి. ఈ గ్రామముల నన్నిటిని కలిపి కుట్టిన దారము వంశము. ఆ వంశములు ఏడు: తోడేలు, లేడి, పక్షి, రంగు, నీలి, అడవిదుంప, పొడవుజుట్టు అని వాని పేళ్ళను తెలుగున చెప్పుకొనవచ్చును. మనకు సగోత్రముల నడుమ పెండ్లి లేనట్లే వారికిని ఒకే వంశములో పెండ్లి లేదు. కాని మనకు గోత్రము తండ్రినుండి వచ్చును, వారికి వంశము తల్లినుండి వచ్చెడిది. ఇల్లును, మొక్కజొన్న చేనును స్త్రీవి. పెండ్లియైన మగవాడు భార్య యింటికి పోయి కాపురముండును. పొసగనినాడు తన సామానులు తీసికొని తల్లి యింటికి మరలిపోవును. బిడ్డలు తల్లియొద్దనే యుందురు. కుఱ్ఱవానిని మందలించుటయు, వానికి వేట నేర్పుటయు, వాని పక్షమున నిలుచుటయు మేనమామ పని. తండ్రి ముద్దుచేయును, కానుకలిచ్చును. ఆజ్ఞ పెట్టువాడు మాత్రము కాడు. తల్లి చెల్లెలు వారికిని తల్లియే. మన పెద్దతల్లి, పినతల్లి యను మాటలను ఎవరైన వారికి వివరించి చెప్పియున్నచో వెంటనే గ్రహించియుందురు. ఇంగ్లీషువారికి గ్రహించుట కష్టమయ్యెను.

1730 ఏప్రిలులో సర్ అలెగ్జాండర్ కమింగ్ అను స్కాట్లండు దొర యొకడు, ఏ ప్రభుత్వమును తనకు అధికారమియ్యకుండగనే, ఆ కొండలలోనికి పోయెను. నిక్వాసి యను గ్రామమున సభ చేయించి, టెల్లికో గ్రామ నాయకుడగు మొయిటాయ్‌ని చెరోకీలకెల్ల ‘చక్రవర్తి’యని ప్రకటించెను. ఆ యేటనే ఏడుగురు చెరోకీలను ఓడ యెక్కించి లండనునకు తీసికొనిపోయి రెండవ జార్జి రాజునకు చూపెను. చక్రవర్తి మాత్రము పోలేదు. భార్యకు జబ్బుగా నున్నదని యింటనే నిలిచిపోయెనట. ఈ యొక్క సంగతివలన నాకు మొయిటాయ్‌పై గౌరవము కలిగినది. 1741 లో అతడు మరణించెను. అప్పుడు ఇంగ్లీషువారు ఏమాత్రము తడవుకొనక అతని కుమారుడు అమౌస్కసిట్టె యను బాలుని చక్రవర్తిగా గుర్తించిరి. తండ్రి తరువాత కొడుకే గదా! కాని చెరోకీలకు ఆ బాలుడు తండ్రి వంశమువాడే కాడు. పదేండ్లు గడచునప్పటికి పెత్తనమంతయు టెల్లికోను విడిచి చోటా గ్రామమునకును, అచటి వృద్ధనాయకుడు ఓల్డ్ హాప్‌నకును చేరిపోయినది. కుంటుచు నడచెడివాడు కాబట్టి ఇంగ్లీషువారు అతనికి ఆ పేరు పెట్టిరి. 1760 లో ఆ వృద్ధుడు పోగా ఆ స్థానమునకు వచ్చిన స్టాండింగ్ టర్కీ అతని ‘నెఫ్యూ’ యని గ్రంథములలో నున్నది. తొమ్మిదవ తరగతి బాలిక యుండినచో వెంటనే అడిగెడిది: మేనల్లుడా, అన్నకొడుకా?

మొయిటాయ్ కథ అంతటితో ముగియలేదు. నేటికిని అమెరికాలో ఎన్నో కుటుంబములవారు తమ ముత్తవ చెరోకీ రాజకుమారి యని చెప్పుకొందురు. రాజే లేని జాతిలో రాజకుమారి యెక్కడిది? మొయిటాయ్ కుటుంబమును పైకి పదునేడవ శతాబ్దమువరకు, తండ్రి తరువాత తండ్రిగా, జనన మరణ సంవత్సరములతో గూర్చిన పట్టికలు వ్యాపించియున్నవి. ఆ సంవత్సరములకు ఆధారమైన పత్రము లేదు. అవి చదువుచుండగా నాకు నవ్వు వచ్చెను. తరువాత మా లెక్కల పుస్తకము జ్ఞాపకము వచ్చి నవ్వు ఆగిపోయెను. మా మొదటి మూడు తరముల పేర్లకు ఆధారమేమో మా నాయనగారును వ్రాయలేదు.

లండనునకు పోయిన ఆ యేడుగురిలో మిక్కిలి చిన్నవాడు తరువాత అట్టకుల్లకుల్ల యను పేర గొప్ప నాయకుడయ్యెను. మనిషి పొట్టిగా, బక్కగా నుండెడివాడు. ఇంగ్లీషువారు ‘చిన్న వడ్రంగి’ యని పిలిచెడివారు. కఱ్ఱముక్కలను కలిపినట్లు సంధిమాటలను కూర్చుటలో అతనికి సాటి లేడందురు. 1757 లో ఈతడు చార్లెస్‌టౌనున గవర్నరు సభకు పోయి చుట్టును కలయజూచి, ఇచ్చట ఆడువారొక్కరును లేరేమి, తెల్లవారు మాత్రము స్త్రీకి పుట్టినవారు కారా యని యడిగెనట. గవర్నరునకు వెంటనే జవాబు తోచలేదని చెప్పుదురు. చెరోకీల నడుమ చిరకాలము వర్తకము చేసిన జేమ్సు అడైరు మాత్రము 1775 లో ప్రకటించిన తన గ్రంథమున, ఈ జాతి ఆడువారి యేలుబడిలో నున్నదని ఎకసక్కెముగా వ్రాసెను. మన యిండ్లలో ‘ఆడపెత్తనము’ అనునప్పటి గొంతే అది.

సంధిసభలలో ఇంగ్లీషు రాజును ‘తండ్రి’ యని పిలుచుట వాడుకయ్యెను. పిలిపించుకొన్నవారికి తండ్రి యన ఏలికయని యర్థము. పిలిచినవారికి తండ్రి యన, మరియొక వంశమువాడయ్యును ప్రేమతో కానుకలిచ్చువాడని యర్థము. ఒకే మాటపై ఇరువురును సంతకము చేసిరి. మేనమామ యని పిలువుడని రాజు అడిగియున్నచో చెరోకీలు బహుశః ఒప్పుకొనకపోయియుందురని నాకు తోచును.

1775 మార్చిలో సికమోర్ షోల్సు అనుచోట హెండర్సను అనువాని భూవ్యాపార సంఘమువారు సుమారు రెండు కోట్ల ఎకరముల నేలను చెరోకీ నాయకులనుండి సరకుల కొఱకు వ్రాయించుకొనిరి. అట్టకుల్లకుల్ల సంతకము చేసినవారిలో ఒకడు. అతని కుమారుడు డ్రాగింగ్ కెనూ, అనగా పడవ నీడ్చువాడు, సభలోనుండి లేచిపోయెను. మరుసటి యేడు మొదలు 1792 లో మరణించువరకు తెల్లవారితో యుద్ధము మానలేదు. ఇంగ్లీషు గ్రంథములలో ఇది తండ్రిపై తిరుగబడిన కొడుకు కథవలె నుండును. నేనును మొదట అట్లే చదివితిని. కాని ఆ కొడుకు తండ్రి వంశమువాడు కాడు. తండ్రిమాట వానికి శాసనమును కాదు. మన రామాయణ సంస్కారముతో ఆ సభను చూచినచో సరిగా కనబడదు.

ఈ కుటుంబముననే మరియొకతె కలదు. ఆమె నన్యెహి, తెల్లవారు నాన్సీ వార్డు అందురు. అట్టకుల్లకుల్ల ఆమెకు మేనమామ యని పెద్దలు చెప్పుచు వచ్చిరి. 1755 లో క్రీకులతో జరిగిన తలివా యుద్ధమున భర్త తన ప్రక్కనే కూలగా, అతని తుపాకి నందుకొని పోరాడినదని చెప్పుదురు. నాటినుండి ఆమెకు ‘ఘిగౌ’ యను పదవి వచ్చినది. ‘ప్రియమైన స్త్రీ’ యని దానికి ఇంగ్లీషున అర్థము వ్రాసిరి. చిక్కినవారిని చంపుటయో విడుచుటయో ఆమె నిర్ణయించును. 1776 లో డ్రాగింగ్ కెనూ దండెత్తి వచ్చుచున్నాడని తెల్లవారికి ముందుగా వార్త పంపినది ఈమెయే. కాల్చి చంపుటకై కట్టిన లిడియా బీన్ అను తెల్లదానిని విడిపించినదియు ఈమెయే. దీనికై ఆమెను మెచ్చినవారును కలరు, ద్రోహి యన్నవారును కలరు. నేను తీర్పు చెప్పజాలను. 1781 సంధిసభలోను, 1785 లో హోప్‌వెల్ సభలోను ఆమె లేచి మాటలాడినది. తల్లులమగు మేము చెప్పుచున్నామను అధికారముతో మాటలాడినది. ఆమెను దేవతను చేయ నక్కరలేదు. నల్లవారిని బానిసలుగా ఉంచుకొన్న చెరోకీలలో ఆమెయు ఒకతె. వంశమున్నవారికి అన్నియు నిచ్చిన ఆ ధర్మము, ఏ వంశమునకును చెందని ఆ బానిసలకు ఏమియు నియ్యలేదు.

వంశవృక్షము వ్రాయు పద్ధతిచేతనే మనుష్యుడు మారిపోవుట చూడవలెనన్న జాన్ రాస్ కుటుంబమును చూడవలెను. 1790 లో పుట్టి, 1828 మొదలు 1866 లో చనిపోవువరకు చెరోకీల ప్రధాననాయకుడైనవాడు ఈతడు. తండ్రి డేనియల్ రాస్, స్కాట్లండువాడు. తల్లి తండ్రి జాన్ మక్డానల్డు, అతడును స్కాట్లండువాడే. తల్లి తల్లికి తండ్రి విలియం షోరీ, ఇంగ్లీషువారి దుబాసి. ఈ షోరీయే 1762 లో ఓస్టెనాకో యను నాయకునితోను టింబర్లేకుతోను లండనునకు ఓడనెక్కి దారిలో సముద్రముమీదనే క్షయవ్యాధితో మరణించెను. అందుచేత మూడవ జార్జి రాజు ఎదుట ఓస్టెనాకో నిలిచినప్పుడు అతని మాటలను తిన్నగా చెప్పగలవాడు లేకపోయెను.

ఇట్లు తండ్రుల వరుసను లెక్కించినచో జాన్ రాస్ తెల్లవాడు. ఎనిమిది పాళ్ళలో ఏడు పాళ్ళు తెల్లనెత్తురు. అతని శత్రువులు ఈ లెక్కనే పలుమార్లు చెప్పిరి. ఇక తల్లుల వరుసను చూడుడు: తల్లి మోలీ, ఆమె తల్లి ఆన్నా, ఆమె తల్లి ఘిగూయీ, పక్షి వంశపు చెరోకీ స్త్రీ. ఈ లెక్కలో జాన్ రాస్ ఎనిమిదవ పాలు చెరోకీ కాడు, సంపూర్ణముగా పక్షి వంశమువాడు. షోరీ, మక్డానల్డు, రాస్ అను ముగ్గురు దొరలు ఆ యింటికి వచ్చిన అల్లుండ్రు మాత్రమే. 1838 లో ప్రభుత్వ సైన్యము చెరోకీలను ఇండ్లనుండి వెడలగొట్టి పడమటికి తరిమినప్పుడు ఆ ‘తెల్లవాడు’ వారితోనే పోయెను. దారిలో 1839 ఫిబ్రవరిలో అతని భార్య క్వాటీ మరణించెను.

ఇంతవరకు చదివి, తప్పంతయు ఇంగ్లీషువారిదే యని పుస్తకము మూసియుందును. కాని తరువాతి ప్రకరణము నన్ను ఊరకుండనియ్యలేదు. తల్లి వరుసను తీసివేసినవారిలో చెరోకీ సంస్కర్తలే ముందున్నారు. 1808 లో వారి జాతీయసభ, తండ్రి ఆస్తికి బిడ్డలు వారసులని శాసించెను. 1810 లో వంశములు పగదీర్చుకొను హక్కును వదలుకొనెను. 1825 లో చెరోకీ పురుషునికి తెల్లస్త్రీయందు కలిగిన బిడ్డలు కూడ చెరోకీలే యని నిర్ణయించిరి. అంతకు పూర్వము ఆ బిడ్డలకు వంశమే లేదు; కావున ఇది దయగల శాసనమే. 1819 లో, తెల్లవానిని పెండ్లాడిన చెరోకీ స్త్రీ ఆస్తిని ఆమె సమ్మతి లేక భర్త అమ్మరాదనిరి. ఇంగ్లండు స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణాధికారము 1882 వఱకు లేదు. ఇవి నాకు మెచ్చదగినవిగానే కనబడినవి. ఆ సభలో నేనున్నచో చేయి ఎత్తియుందును. పిమ్మట 1827 లో వ్రాసికొన్న రాజ్యాంగమున ఓటుహక్కును స్వతంత్రులగు పురుషులకు మాత్రమే యిచ్చిరి. నల్లవారిని పేరెత్తి వెలివేసిరి. ఘిగౌ లేచి మాటలాడిన జాతిలో స్త్రీకి ఓటు లేదు. చదువుకొన్నవారు, పత్రిక పెట్టినవారు, అమెరికా వారిచే నాగరకులనిపించుకొనవలెనని కోరినవారు చేసిన పని ఇది. నాగరకులైనచో నేల నిలుచునని వారి యాశ.

ముసలి నన్యెహి దీనిని ముందే చూచినదేమో. 1817 లో వార్ధక్యముచే సభకు రాలేక, ఇతర స్త్రీలతో గలిసి సభవారికి విన్నపము పంపినది. నాయకులను బిడ్డలారా యని పిలిచి, ఇక నేల నమ్మవద్దని చెప్పినది. ఆ యేటి సంధిలోనే, అమ్మిన నేలపై నిలిచిపోగోరు ప్రతి ‘కుటుంబ యజమాని’కిని 640 ఎకరములు కేటాయించిరి, యజమాని పోయినచో విధవకు భాగము. చేను తనదై యుండిన స్త్రీ ఆ కాగితములో విధవగా ప్రవేశించినది.

నేను వంశవృక్షమును మరల చేతికి తీసికొంటిని. ఈమారు జాన్ రాస్‌కు చేసినట్లే నాకును చేయవలెనని తోచి, నా పేరు అడుగున వ్రాసి, పైన మా అమ్మ పేరు, ఆపైన మా అమ్మమ్మ పేరు వ్రాసితిని. ఆపైన కలము ఆగిపోయినది. అమ్మమ్మ తల్లి పేరు నాకు తెలియదు. తర్పణములో ఉండునేమోయని మనస్సులో మంత్రములు వల్లించుకొంటిని. తల్లి, పితామహి, ప్రపితామహి కలరు. మాతామహియు కలదు. ఆ తరువాత వచ్చునది ‘మాతుః పితామహి’, అనగా తల్లి తండ్రికి తల్లి. తల్లి తల్లికి తల్లియైనది ఆ వరుసలో లేనే లేదు. ముప్పది యేండ్లుగా ఆ మంత్రములు చెప్పుచున్న వాడను, ఆ దినమున గాని గమనింపలేదు. ఎన్నడు చూడని దేశపు జాన్ రాస్‌కు అమ్మమ్మ తల్లి ఘిగూయీ యని మాత్రము నాకు చక్కగా వచ్చును.

మా అమ్మ పోయి నాలుగేండ్లయినది. ఆమె అక్కగారు, మా పెద్దమ్మ, కాకినాడలో కుమారునియొద్ద నున్నది. ఆదివారము నాడు బస్సెక్కి పోయితిని. నేనడిగినది విని ఆమె చాలసేపు నా ముఖముకేసి చూచి, “అమ్మమ్మ వాళ్ళమ్మా? తాతమ్మ అనేవాళ్ళం రా. పేరు పెట్టి ఎవరు పిలుస్తారు నాయనా?” అన్నది. తరువాత తానే ఒక్కొక్కటి జ్ఞాపకము తెచ్చుకొన్నది. తాతమ్మకు కుడిచేతి చూపుడువ్రేలు వంకరయట. కాలువలో పడవ మీద కాపురమునకు వచ్చినదట. ఆవకాయ కలుపునప్పుడు ఎవరిని దగ్గరకు రానిచ్చెడిది కాదట. పేరు మాత్రము రాలేదు. నేను లేచునప్పుడు, “మా పిన్ని కూతురు తునిలో ఉంది. తొంభై దాటాయి, వినపడదు. కాని దానికి అన్నీ జ్ఞాపకమే. నాకంటే తాతమ్మ దగ్గర ఎక్కువ పెరిగింది” అని చెప్పి గుమ్మమువఱకు వచ్చినది.

శుభ్రముగా వ్రాసిన ప్రతిలో ఆ గడిలో పెన్సిలుతో ‘తాతమ్మ’ యని వ్రాసి యుంచితిని. ఆ పుట అచ్చులో పట్టదని మా అన్నగారు అనుచున్నారు. సంక్రాంతి సెలవులు ఇచ్చినంతనే తుని పోవలెను.